ఆరు కుంచాల చేను

మా అమ్మకి చదువు రాదు. కానీ తాటిపాక సెంటరు నుంచి మా పేట దాకా ఉన్న ప్రతి చేనుకీ ఆమె దగ్గర ఒక పేరుంది. ఆ పేర్లు ఏ రెవెన్యూ రికార్డులోనూ ఉండవు. జెర్రి కుట్టిన చేను, కామందు కూలెగ్గొట్టిన చేను, నువ్వు పుట్టిన చేను. నేను పుట్టిన చేనంటే గట్టు మీద పుట్టానని కాదు. అందులో ఊడుస్తా ఉండగా నొప్పులొచ్చాయట. చేతిలో నారుకట్ట అక్కడే పడేసి, వంచిన నడుం ఎత్తి, బురదకాళ్ళతో ఇంటికి నడిచొచ్చి నన్ను కంది. మూడోవారం తిరక్కుండానే అదే చేలో కలుపుకి దిగింది.

ఇప్పుడా చేను లేదు. బుసక తోలి మెరక చేశారు. సిమెంటు రాళ్ళు పాతారు. రంగురంగుల జెండాలు కట్టారు. అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఆటో ఆపించి చూసింది.

"ఏవే, నువ్వు పుట్టిన చేను ఏటైపోయింది?"

"లేఅవుటు ఏశారమ్మా. ఇళ్ళ స్థలాలు."

"మరి నీళ్ళెటు పోతాయి?"

ధర ఎంతని అడగలేదు, ఎవరు కొన్నారని అడగలేదు. నీళ్ళెటు పోతాయని అడిగింది. ఆ ప్రశ్న తర్వాత నాలుగేళ్ళు మా ఇంటిని వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

కోనసీమ అంటే కొబ్బరిచెట్లు, గోదారి, సినిమా పాటలు అనుకునేవాళ్ళున్నారు. ఆ తోటల వెనకాల, కాలవగట్ల మీద, మురుగుకోళ్ళ పక్కన మేము కూడా ఉన్నాం. పేట ఎప్పుడూ ఊరికి పల్లం వైపే ఉంటుంది. ఊళ్ళో పడిన వానంతా మా గుమ్మాల ముందు నుంచే సముద్రానికి పోవాలి. మా పల్లెటూళ్ళకి ప్లాను లేదని పట్నాల్లో చదువుకున్నవాళ్ళు రాస్తారు. ప్లాను లేకపోతే ప్రతి ఊళ్ళోనూ మేమే పల్లంలో ఎందుకున్నాం? ప్లానుంది. కాగితం మీద గీయలేదంతే.

మాది వైనతేయకీ వశిష్ఠకీ మధ్యనున్న దీవి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ రోజుల్లోనే గన్నవరం దగ్గర అక్విడెక్టు కట్టి, కాలవని నది మీంచి దాటించి, మా దీవికి నీళ్ళు తెచ్చారు. కాటన్ దొర గురించి బళ్ళో నేను కూడా పాఠం చెప్పాను. పిల్లలు చప్పట్లు కొడతారు. నీళ్ళొచ్చాక భూములకి విలువొచ్చింది. విలువొచ్చిన భూములు ఎవరి చేతుల్లో ఉన్నాయో, వాటిలో దిగి చాకిరీ చేసిందెవరో ఆ పాఠంలో ఉండదు. మా తాత పాలేరు. మా పక్క మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న గారు 'పాలేరు' నాటకం రాశారు. మా తాత పాలేరుతనం చేస్తూనే ఆ నాటకం చూశాడట. చూసొచ్చిన మర్నాడే మా నాన్నని బళ్ళో వేశాడట. నాన్న అయిదు దాకా చదివాడు. నేను పంతులమ్మనయ్యాను. మా ఇంట్లో మూడు తరాల చరిత్ర ఇంతే.

భూమి చరిత్ర ఇంకా చిన్నది. ఎమర్జెన్సీ రోజుల్లో మా నాన్నకి డి-ఫారం పట్టా ఇచ్చారు. ఆరు కుంచాలు, అంటే 60 సెంట్లు. తుంగా జమ్మూ మొలిచే పల్లం. ఎవరికీ పనికిరాదు కాబట్టి మాకొచ్చింది. అమ్మా నాన్నా రెండేళ్ళు పగలు కామందుల చేలో చేసి, వెన్నెల రాత్రుళ్ళు తుంగ గడ్డలు పెకిలించారు. మురుగుకోడులోకి బోదె తవ్వారు. మూడో ఏడు సార్వా పండింది. కుప్ప వేసిన రోజు నాన్న చేలోనే పడుకున్నాడు. దొంగల భయమా నాన్నా అని తర్వాత అడిగాను. "కాదమ్మా, సొంత చేలో పడుకుంటే ఎలాగుంటదో చూద్దావని" అన్నాడు.

ఆరు కుంచాలు తిండికి చాలవు. అందుకని అమ్మ ఊడ్పుల ముఠా కట్టింది. పన్నెండు మంది ఆడవాళ్ళు. సార్వా, దాళ్వా రెండు పంటలు. నారుతీత, ఊడ్పు, కలుపు, కోత, నూర్పు. ఏడాదిలో సగానికి పైగా పని. మిగతా రోజుల్లో కొబ్బరి పీచు, మట్టలల్లడం. ఆ ముఠా కూలితోనే నా ఫీజు కట్టారు. నా ఉద్యోగం కింద పునాది ఆ చేలే. కాబట్టి పంటభూములు పోతున్నాయంటే నాకూ బాధే. కాకపోతే నా బాధా, కామందు బాధా ఒకటి కాదు. ఆయన అమ్ముకుని బాధపడతాడు. మేము అమ్ముకోవడానికి ఏమీ లేకుండానే పోగొట్టుకుంటాం.

తాటిపాక ఎలా పెరిగిందో మేము చూస్తూనే ఉన్నాం. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుంది. 65 రోజులు మండింది. రాత్రిపూట మా పేటలో దీపం అక్కర్లేకపోయింది. మన కాళ్ళ కింద ఇంత గ్యాసుందా అని అప్పుడు తెలిసింది. మరుసటి ఏడు నవంబరు 6న తుపాను. కొబ్బరితోటలు తోటలే నేలకొరిగాయి. పేటంతా గుళ్ళో దూరి, పసిపిల్లల్ని బల్లల మీదకెక్కించి తెల్లారేదాకా కూర్చున్నాం. 2001లో ఓఎన్జీసీ తాటిపాకలో చిన్న రిఫైనరీ పెట్టింది. ఉద్యోగులొచ్చారు, కాంట్రాక్టర్లొచ్చారు, లారీలొచ్చాయి. గల్ఫు డబ్బులొచ్చాయి. రోడ్డు జాతీయ రహదారి అయింది. పాకలున్న చోట డాబాలు, డాబాలున్న చోట మేడలు లేచాయి. తుపానుకి పోయిన తోటల్లో కొన్ని మళ్ళీ తోటలు కాలేదు. సెంటు లెక్కన అమ్మారు. 2014 జూన్ 27న పక్కనే నగరంలో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా కాలి చచ్చిపోయారు. పైపులైను మీద ఊరు పెరుగుతోందా, ఊరి కింద పైపులైను వేశారా అని ఆ వారం రోజులు అందరూ మాట్లాడారు. తర్వాత మళ్ళీ సెంటు ధరల మాటే.

మధ్యలో 2011 వచ్చింది. కోనసీమ రైతులు సార్వాకి పంట విరామం ప్రకటించారు. దేశమంతా పేపర్లలో రాసింది. కాలవలు బాగు లేవు, మురుగు డ్రెయిన్లు పూడిపోయాయి, గిట్టుబాటు ధర లేదు అన్నారు. అవి నిజాలే. వాటితోపాటు ఇంకో మాట కూడా అన్నారు, ఉపాధి హామీ వల్ల కూలీలు దొరకడం లేదని. ప్రభుత్వం మోహన్ కందా గారితో కమిటీ వేసింది. ఆ ఏడు మా అమ్మ ముఠాకి ఊడ్పులు లేవు. కామందు తన చేనుకి సెలవిచ్చుకుంటే దాన్ని ఉద్యమం అన్నారు. పన్నెండు మంది ఆడవాళ్ళకి ఆకలి సెలవొస్తే దానికి పేరు లేదు. ఆ ముఠాలో నలుగురు ఆ తర్వాత రెండేళ్ళలో కువైట్, మస్కట్ వెళ్ళారు. మా పెద్దక్క అందులో ఒకతె.

పెద్దక్క పరాయి దేశంలో పదకొండేళ్ళు అంట్లు తోమి, ముసలివాళ్ళని కడిగి డబ్బు దాచింది. తిరిగొచ్చి, సెంటరుకి దగ్గర్లో మూడు సెంట్లు కొనుక్కుంటానంది. నేనూ తోడెళ్ళాను. ఒక లేఅవుటులో కుర్రాడు కుర్చీలేశాడు, కూల్ డ్రింకు ఇచ్చాడు. తూర్పు ముఖం ప్లాటు చూపించాడు. ధర కుదిరింది. అడ్వాన్సు తియ్యబోతుంటే లోపల్నించి పెద్దాయన వచ్చి అడిగాడు.

"మీరేమిటోళ్ళమ్మా?"

అక్క ఇంటిపేరు చెప్పింది, పేట పేరు చెప్పింది. ఆయన లోపలికెళ్ళి ఫోను మాట్లాడి వచ్చాడు. "ఆ ప్లాటు నిన్ననే మాటయిపోయిందమ్మా, మావాడికి తెలీదు" అన్నాడు. పక్క ప్లాటు? అదీ అయిపోయిందట. చివర్న, కోడు పక్కన ఒకటుంది, కావాలంటే చూడమన్నాడు. అక్క లేచింది. ఆటోలో కూర్చున్నాక అంది. "కువైట్లో ఆళ్ళకి నా కులం తెలవదే. ఇక్కడ మూడు సెంట్లకి తెలిసిపోయింది."

ఆ లేఅవుటు ఎక్కడనుకున్నారు? నేను పుట్టిన చేలో. మా అమ్మ నలభై ఏళ్ళు వంగిన నేలలో నిలబడ్డానికి మా అక్కకి చోటు లేకపోయింది.

నీళ్ళ సంగతికొస్తాను. మా వైపు చేనుకి నీళ్ళు రావడం ఎంత ముఖ్యమో, పోవడం అంత ముఖ్యం. కాలవ నుంచి బోదె, బోదె నుంచి మడి, మడి నుంచి మురుగుబోదె, అక్కడ్నించి కోడు, కోడు నుంచి పెద్ద డ్రెయిను, ఆపైన సముద్రం. గొలుసులో ఒక కొక్కెం ఊడితే పై చేలన్నీ చెరువే. లేఅవుటు మెరక చేసినప్పుడు మురుగుబోదెని బుసకతో పూడ్చి, పైన రోడ్డు వేశారు. మొదటి ఏడు భారీ వానకి మా ఆరు కుంచాలూ, పక్కనున్న మా పేటవాళ్ళ పట్టాలూ పన్నెండు రోజులు మునిగాయి. నారు కుళ్ళింది. రెండో ఏడు వెన్ను మీద మునిగింది. మూడో ఏడు వెయ్యలేదు. నీళ్ళు పేటలోకి తన్ని, ఇళ్ళ చుట్టూ నిలబడ్డాయి.

అర్జీ పట్టుకుని వెళ్ళాను. ఏ ఆఫీసో చెప్పను, ఏదైనా ఒకటే. అక్కడి ఉద్యోగి అర్జీ చదివి, "అసైన్డేగా మేడమ్?" అన్నాడు. ఆ 'గా'లో మొత్తం ఉంది. మీది సొంతం కాదుగా, ఊరికే ఇచ్చిందేగా, మునిగితే ఏం పోయింది అని. "మీరు టీచరు కదా, దీని మీద ఆధారపడట్లేదుగా" అని కూడా అన్నాడు. లేఅవుటుకి అనుమతి కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయన్నాడు. నిజమే కావచ్చు. వాళ్ళు చూపించిన పటంలో మురుగుబోదె లేదు. మా అమ్మా నాన్నా వెన్నెల్లో తవ్విన బోదె పటంలోకి ఎలా ఎక్కుతుంది?

వ్యవసాయ భూమిని వేరే పనికి మార్చాలంటే అనుమతి కావాలి, ఫీజు కట్టాలి అని 2006లో రాష్ట్రంలో చట్టం చేశారు. పేరు వింటే భూమిని కాపాడే చట్టమనిపిస్తుంది. మా వైపు నేను చూసినంతలో అది ఫీజు కట్టించుకునే చట్టమే అయింది. దాన్ని కూడా ఎత్తేయాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించింది. 2013 భూసేకరణ చట్టంలో మంచి మాటలున్నాయి. రెండు మూడు పంటలు పండే మాగాణిని, వేరే దారి లేనప్పుడు తప్ప తీసుకోకూడదంది. షెడ్యూల్డు ప్రాంతాల్లోని భూమి కూడా అంతే అంది. భూమి లేకపోయినా, మూడేళ్ళుగా ఆ నేల మీద కూలి చేసి బతికేవాళ్ళని కూడా బాధిత కుటుంబాల్లో లెక్కెయ్యాలంది. విద్యార్థులు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ప్రభుత్వం భూమి సేకరిస్తే మా అమ్మ ముఠాకి కనీసం కాగితం మీద చోటుంది. అదే కామందు లేఅవుటుకి అమ్ముకుంటే అది సేకరణ కాదు, వ్యాపారం. అప్పుడు పన్నెండు మంది కూలి ఎవరి లెక్కలోకీ రాదు. మా పల్లెలు పట్నాలయ్యేది ఎక్కువగా ఈ రెండో దారిలోనే.

అలాంటి రోజుల్లోనే పచ్చని కోనసీమని కాపాడుకుందామని ఒక సభ పెట్టారు. నేనూ వెళ్ళాను. మంచివాళ్ళే. లేఅవుట్లు, చెరువులు, కాంక్రీటు గురించి బాధగా మాట్లాడారు. తర్వాత ఒకాయన లేచి, పేదల ఇళ్ళ పట్టాల పేరుతో బంగారం లాంటి భూములు పాడుచేస్తున్నారన్నాడు. చప్పట్లు కొట్టారు. 2020 డిసెంబరులో మొదలైన ఆ పంపిణీలో పల్లెల్లో ఇంటికి సెంటున్నర, పట్నాల్లో సెంటు. చాలాచోట్ల ఇచ్చింది ముంపు భూమి. కోరుకొండ మండలం బూరుగుపూడి ఆవ భూముల గొడవ హైకోర్టు దాకా వెళ్ళింది. నేను లేచి అడిగాను. "సెంటున్నరతో పాడయ్యే పచ్చదనం, ఇరవై ఎకరాల లేఅవుటుతో పాడవదా అండి? మా పేటలో ఒక గదిలో మూడు కాపరాలున్నాయి. మేం ఎక్కడికి పెరగాలి?" ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. "అమ్మా, ఇది కులాల సభ కాదు" అన్నాడు అధ్యక్షుడు. బయటికొచ్చేశాను.

దారిలో ఆలోచించాను. అభివృద్ధి అనేవాళ్ళకి మేము అడ్డం. పచ్చదనం అనేవాళ్ళకీ మేమే అడ్డం. పొలం పొలంగా ఉంటే మేము కూలీలం, ప్లాటైతే మేము తాపీపనికి ఇటుకలు మోస్తాం. రెండు పటాల్లోనూ మాకు ఇల్లు లేదు, చేను లేదు. అంబేద్కర్ 1947లోనే 'రాష్ట్రాలు - మైనారిటీలు'లో భూమి ప్రభుత్వం చేతిలో ఉండాలని, అంటరానివాళ్ళకి సొంత ఆవాసాలు కట్టాలని రాశారు. మనం ఆయన విగ్రహాల కోసం కొట్లాడినంతగా ఆ పేజీల కోసం కొట్లాడలేదు.

ఇంతలో మా ఇంట్లోనే గొడవ మొదలైంది. అసైన్డు భూమి అమ్మకం చెల్లదని 1977 చట్టం. 2023లో దాన్ని సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటితే అమ్ముకునే హక్కిచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక అలాంటి రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. కానీ బ్రోకర్లు ఆగలేదు. ముందు అగ్రిమెంటు రాసుకుందాం, రిజిస్ట్రేషను తర్వాత చూసుకుందాం అంటూ మా తమ్ముడి చుట్టూ తిరిగారు. మునుగుడు చేను, ఇక పండదు, ఇదే మంచి బేరమన్నారు. ముంచినవాళ్ళే కొనడానికొచ్చారన్నమాట.

వద్దన్నాను. 2004లో మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం, ప్రభుత్వం అసైన్డు భూమి తీసుకుంటే సొంత పట్టాతో సమానంగా పరిహారమివ్వాలని చెప్పిందని, మన భూమి తక్కువది కాదని, తొందరపడొద్దని చెప్పాను. తమ్ముడు మేస్త్రీ పని చేస్తాడు. అప్పులున్నాయి. కూతురు నర్సింగు చదువుతోంది. చాలాసేపు విని ఇలా అన్నాడు.

"చిన్నక్కా, నీకు ఒకటో తారీఖున జీతం పడద్ది. నువ్వు చేను గురించి ఎన్నైనా చెప్తావు. మూడేళ్ళు నీళ్ళలో దిగి కుళ్ళిన నారు తీసింది నేను. కామందు అమ్ముకుంటే అది తెలివి. మనం అమ్ముకుంటే ద్రోహమా?"

నాకు జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. భూమిని కాపాడమని చెప్పే హక్కు నాకెక్కడిది? సభలో నాకు నీతులు చెప్పినవాళ్ళలాగే నేనూ వాడికి చెప్పానా? ఆ రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే అమ్మ దగ్గర కూర్చున్నాను. ఆమె రెండు మాటలే చెప్పింది. "ఆడు అమ్ముతానంది చేనుని కాదే, నీళ్ళని. నీళ్ళు తీసెయ్యండి, అప్పుడడగండి ఆణ్ణి."

అలా మొదలైంది. పేటలో మునిగిన పట్టాలవాళ్ళందర్నీ పోగుచేశాం. అర్జీల కట్ట ఆఫీసులో ఇచ్చాం. ఈసారి నలభై మందిమి వెళ్ళాం. ముఠాలో మిగిలిన ఆడవాళ్ళు ముందు నిలబడ్డారు. పాత బోదె ఎక్కడుండేదో అమ్మ కర్రతో చూపిస్తే, పిల్లలు తెల్ల కాగితం మీద గీశారు. ఏ చేను పక్కన, ఏ తుమ్మచెట్టు దగ్గర తిరిగి, ఎక్కడ కోడులో కలిసేదో మొత్తం. సర్వే చేసిన కుర్రాడు ఆ కాగితం చూసి, పాత పటంతో సరిపోల్చి, రోడ్డు పక్కన కొంతమేర పోరంబోకేనని ఒప్పుకున్నాడు. తవ్వించడానికి డబ్బుల్లేవన్నారు. మేమే తవ్వుతామన్నాం. రెండు రోజులు. తమ్ముడు పార పట్టాడు, నేను తట్ట మోశాను. రోడ్డు కిందుగా తూము పెట్టించడానికి పెద్దక్క తన డబ్బులు ఇచ్చింది. మూడు సెంట్లకి దాచిన డబ్బులు.

మొన్న సార్వాలో వాన పడింది. పేటంతా గట్టు మీద నిలబడి చూశాం. తూములోంచి నీళ్ళు ఎర్రగా, బుసక కలుపుకుని, కోడులోకి దూకాయి. నాలుగు రోజులకి చేను తేరుకుంది. అన్నీ బాగుపడ్డాయని చెప్పను. దిగుబడి సగమే వచ్చింది. బ్రోకరు మళ్ళీ వచ్చాడు. తమ్ముడు ఈ ఏటికి వద్దన్నాడు. వచ్చే ఏటి సంగతి తెలీదు. వాడి కూతురి ఫీజులో నేను సగం కడుతున్నాను. జీతమున్నవాళ్ళు భూమి గురించి మాట్లాడాలంటే చెల్లించాల్సిన బాకీ అది.

ఇది చదివే విద్యార్థుల్లో ఎవరో ఒకరు రేపు ఇంజినీరో, ప్లానరో, తాసీల్దారో అవుతారు. ఊరు పెరగొద్దని మేము అనం. మాకూ మేడలు కావాలి, మా పిల్లలకీ రోడ్డు మీద కొట్లు కావాలి. గీసేటప్పుడు ముందు నీళ్ళు గీయండి. తర్వాత పేట గీయండి, దాని పక్కన అది పెరగడానికి మెరక చోటు వదలండి. రోడ్డుకో, చెత్తకో, సబ్‌స్టేషనుకో భూమి కావాల్సొస్తే చెయ్యి మొదట అసైన్డు మీదకి పోనివ్వకండి. చేను ప్లాటు చేసేముందు అందులో ఎంతమంది వంగారో లెక్కపెట్టండి. గుర్తులు అడగడానికి మా అమ్మలాంటివాళ్ళు ఇంకా కొంతమంది బతికే ఉన్నారు.

మా జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామంటే 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. అయినా పేరు నిలబడింది. రోడ్డు పక్క బోర్డుల మీద చూసినప్పుడల్లా గుండె నిండుతుంది. బోర్డు పాతడానికి రెండడుగుల నేల చాలు. మిగతా నేల సంగతి ఇంకా తేలాల్సి ఉంది. మా ఆరు కుంచాల్లో ఈ దాళ్వాకి నారు పోశాం. ఊడ్పుకి ముఠాలో అయిదుగురే ఉన్నారు. ఆదివారం నేను కూడా దిగుతాను.